సెప్టెంబర్ గొడవకు మందు జూన్‌లో ఉంది

ప్రశ్న: మాది హనుమకొండ. ఒక ప్రభుత్వ రంగ సంస్థలో రెండేళ్ల కింద కాస్ట్ అకౌంట్స్ (ఉత్పత్తి ఖర్చుల లెక్కల) విభాగానికి ఇన్‌ఛార్జిగా ప్రమోషన్ వచ్చింది. నా కింద ఆరుగురు పనిచేస్తారు, నాలుగు యూనిట్ల లెక్కలు నా దగ్గరికే వస్తాయి. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా రాత్రి పది దాటితే గాని ఇల్లు చేరను. చేరినా ల్యాప్‌టాప్ తెరవాల్సిందే. మావారు సర్కారు బడిలో టీచర్. నిరుడు బతుకమ్మకు నేను ఇంటిపట్టున లేనని అత్తమ్మ చాలా రోజులు ముఖం చాటేసింది. ‘నీ జీతం లేకున్నా బతుకుతం, మానెయ్’ అంటున్నారు మావారు. సెక్షన్‌లో నాకంటే పెద్దాయన ఒకరున్నారు, ఎప్పటినుంచో అన్నా అని పిలిచేదాన్ని. ఆయన షీట్లే ఎప్పుడూ ఆలస్యం. ఇది చాలదన్నట్టు మరిది ఒక టెండర్ గురించి ‘మీ అంచనా రేటు ఎంత వదినా’ అని అడుగుతున్నాడు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి అంకెలు కళ్లముందు తిరుగుతున్నాయి. ఉద్యోగం వదిలెయ్యాలా?

జవాబు: వద్దమ్మా. కనీసం దసరా వెళ్లేదాకా ఆ మాట ఇంట్లో ఎత్తకండి, ఎవరైనా ఎత్తినా జవాబు చెప్పకండి. మీ ఉత్తరంలో నాలుగు సమస్యలున్నాయి గాని, ఇంట్లో రగులుతున్న గొడవకు మూలం మాత్రం ఆఫీసులో ఉంది. అది కూడా సెప్టెంబర్‌లో కాదు, జూన్‌లో.

2014 నాటి కాస్ట్ రికార్డులు, ఆడిట్ నిబంధనల ప్రకారం ఆర్థిక సంవత్సరం ముగిసిన 180 రోజుల్లో కాస్ట్ ఆడిటర్ తన నివేదికను బోర్డుకు ఇవ్వాలి. మార్చి 31 నుంచి లెక్కేస్తే అది సెప్టెంబర్ 27. నివేదిక అందిన 30 రోజుల్లో సంస్థ దాన్ని సీఆర్ఏ-4 అనే ఫారంలో కేంద్ర ప్రభుత్వానికి దాఖలు చేయాలి, అంటే అక్టోబర్ చివరి వారం. ఇప్పుడు పంచాంగం పక్కన పెట్టి చూడండి. 2025లో సెప్టెంబర్ 21న ఎంగిలిపూల బతుకమ్మ, అక్టోబర్ 2న దసరా. మొదటి గడువు సరిగ్గా పండుగ నడుమ పడింది. అధిక మాసం వచ్చిన ఏడు పండుగ ఆలస్యమై రెండో గడువుకు తగులుతుంది. మీవారికి దసరా సెలవులు మొదలయ్యేది, మీకు ఊపిరాడనిది ఒకే వారం. మీ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కారు. గడువు తేదీని మీరు జరపలేరు, దానికి ముందున్న పనిని జరపగలరు.

రాత్రి ల్యాప్‌టాప్‌లో మీరు చేస్తున్న పని ఏమిటో ఒకసారి నిజాయితీగా చూసుకోండి. నేను ఊహించేది ఇది: యూనిట్ నుంచి వచ్చిన షీట్‌లో స్టోర్స్ (గిడ్డంగి సామాను) వినియోగం 4.62 కోట్లు, సంస్థ ప్రధాన ఖాతా పుస్తకమైన జనరల్ లెడ్జర్‌లో 4.71 కోట్లు. తేడా 9 లక్షలు. ఎవరినో అడిగి, వాళ్లు వెతికి చెప్పేసరికి రెండు రోజులు పడుతుందని మీరే వోచర్లు తిరగేస్తారు. క్యాపిటల్ పనికి (కొత్త కట్టడాలు, యంత్రాలకు) ఇచ్చిన సామాను రెవెన్యూలో (రోజువారీ ఖర్చుల్లో) రాసేశారనో, పక్క యూనిట్‌కు బదిలీ అయిన సరుకు ఇటు తీసేయలేదనో, స్టోర్‌కు తిరిగొచ్చిన సామానుకు రిటర్న్ స్లిప్ ఎక్కించలేదనో తేలుతుంది. సరిచేస్తారు. తేడా పోతుంది, తప్పు చేసే అలవాటు అక్కడే ఉంటుంది. యూనిట్ వాళ్లకు అసలు తప్పు జరిగిందనే తెలియదు. వచ్చే ఏడు అదే 9 లక్షలు 14 అవుతుంది, మీరు మళ్లీ రాత్రి కూర్చుంటారు. సెక్షన్ మొత్తంలో చురుకైన గుమాస్తా మీరే అయిపోయారు, ఇన్‌ఛార్జి కుర్చీ ఖాళీగా ఉంది.

అందుకని తేడా ఉన్న షీట్ మీరు సరిచేయకండి, వెనక్కి పంపండి. మూడు గడులు చాలు: తేడా ఎంత, కారణం ఏమిటి, సర్దుబాటు ఎంట్రీ ఏ నెలలో పడుతుంది. కారణం గడి ఖాళీగా వస్తే మళ్లీ పంపండి. మొదటి రెండు నెలలు నరకంగానే ఉంటుంది, అందుకే దీన్ని ఆగస్టులో మొదలుపెట్టొద్దు.

ప్రతి నెలా 10వ తేదీలోపు యూనిట్‌లోనే మూడు లెక్కలు లెడ్జర్‌తో సరిపోల్చాలి: స్టోర్స్ ఇష్యూలు, జీతాల పట్టిక, కరెంటు-ఇంధనం రీడింగులు. ఏడాది చివర్లో ఒకేసారి చేస్తే పన్నెండు నెలల తప్పులు ఒకదానిమీద ఒకటి పడి ఏది ఎక్కడిదో తేలదు. ఇంతలోపు తేడా అయితే యూనిట్ అకౌంటెంటే తేల్చుకోవాలి, అంతకు మించితేనే మీ దాకా రావాలి అని ఒక పరిమితి పెట్టి, పై అధికారితో నోట్ ఫైలు మీద సంతకం చేయించుకోండి. నోటిమాటగా పెట్టిన పరిమితి ఆడిట్ అప్పుడు మీ మెడకే చుట్టుకుంటుంది. మీరు చూడాల్సింది అన్ని వోచర్లూ కాదు. ఒక్కో యూనిట్‌లో పెద్ద మొత్తాలవి పది, కళ్లు మూసుకుని తీసినవి ఐదు. వాటిలో తప్పు దొరికితేనే లోతుకు వెళ్లండి.

జూన్ నెలాఖరుకు నాలుగు యూనిట్ల కాస్ట్ షీట్ల ముసాయిదా మీ బల్లమీద ఉండాలి. ‘ఫైనల్ అకౌంట్స్ రానిదే ఎలా’ అంటారు అందరూ. నిజమే, ప్రభుత్వ కంపెనీల్లో స్టాట్యూటరీ ఆడిట్ తర్వాత కాగ్ పరిశీలన కూడా ఉంటుంది, అంకెలు మారతాయి. అయినా తాత్కాలిక ట్రయల్ బ్యాలెన్స్‌తోనే (అన్ని ఖాతాల నిల్వల పట్టికతోనే) మొదలుపెట్టండి. ఆ తర్వాత పడిన ప్రతి ఎంట్రీకి విడిగా ఒక షీట్ నడపండి. కాస్ట్ లెక్కల లాభానికి, ఫైనాన్స్ లెక్కల లాభానికి పొంతన చూపించే రోజున ఆ ఒక్క షీట్ మీకు వారం రోజులు మిగులుస్తుంది. అది లేకపోతే ఏ ఎంట్రీ ముసాయిదాలో కలిసిందో, ఏది కలవలేదో అని మళ్లీ మొదటికొస్తారు.

హెడ్డాఫీసు ఓవర్‌హెడ్ల (ఉమ్మడి ఖర్చుల) పంపకం ఏ ప్రాతిపదికన అన్నది ఏప్రిల్‌లోనే రాసి పెట్టుకోండి. యూనిట్ హెడ్ ఫోన్ చేసి మా మీద ఎక్కువ పడిందంటే నడుమ మార్చొద్దు. పోయినేటి అంకెతో పోలిక చెడుతుంది, ఆడిటర్ కారణం అడుగుతాడు, జవాబు చెప్పాల్సింది మీరే.

ఇక పెద్దాయన సంగతి. అన్నా అనే పిలుపు మార్చకండి, మారిస్తే పని చెడుతుంది. మారాల్సింది కాగితం. ఇప్పుడు మీరు ఆయనకు ‘అన్నా, జర చూడు’ అని చెప్తున్నారనుకుంటా. ఆ మాటకు తేదీ లేదు. తేదీ రాసి అందరికీ ఒకే మెయిల్ పంపండి, ఆయన పేరు నలుగురితో పాటే ఉండాలి. దానికి ముందు ఒక్కసారి విడిగా కూర్చోబెట్టి అడగండి, షీట్ ఆలస్యానికి అసలు కారణమేమిటని. ఆయన వయసు వాళ్లలో చాలామందికి లెడ్జర్ కంఠతా వస్తుంది గాని ఎక్సెల్ ఫార్ములాలు రావు, అది చెప్పుకోవడానికి నామోషీ. అదే అయితే షీట్ నింపే పని కుర్రవాడికిచ్చి, తేడాల కారణాలు పట్టే పని ఆయనకు ఇవ్వండి. అది కాక మీ ప్రమోషన్ మీద కోపమే అయితే, రెండుసార్లు నోటితో చెప్పి మూడోసారి మెమో ఇవ్వక తప్పదు.

మరిది విషయంలో మెత్తదనం పనికిరాదు. వచ్చిన కొటేషన్లు సబబా కాదా అని తూచేది ఆ లోపలి అంచనాతోనే. అది బయటికి పొక్కితే కొటేషన్లన్నీ దానికి కొంచెం కింద వచ్చి ఆగుతాయి, ఫైలు చూసే ఎవరికైనా అనుమానం వస్తుంది. రేటు చెప్పకపోతే సరిపోదు. మీ దగ్గరి బంధువు ఆ టెండర్‌లో పాల్గొనే అవకాశం ఉందని, ఆ ఫైలు వేరే అధికారికి ఇవ్వాలని ఈ వారమే పై అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు దగ్గర పెట్టుకోండి. ఇంట్లో ముందు మీవారికి చెప్పండి, మరిదికి ఆయనే చెప్పాలి. వదిన చెప్తే పొగరంటారు, అన్న చెప్తే విషయం అక్కడితో ఆగుతుంది. ‘ఆ ఫైలు ఇప్పుడు నా దగ్గర లేదు’ అనే మాట మీకు నిజంగానే దొరుకుతుంది.

ఇంటి దగ్గర చేయాల్సింది తక్కువే, కాని ముందే చేయాలి. జులైలో ఒక ఆదివారం క్యాలెండర్ తీసి మీవారి ముందు పెట్టి, ఏయే వారాలు ఆలస్యమవుతుందో గీత గీసి చూపించండి. రోజూ ‘ఇవాళ తొందరగా వస్తా’ అని తప్పిన మాటకంటే ‘ఈ పన్నెండు రోజులు తొమ్మిదిన్నరకే’ అని ముందే చెప్పిన మాట తక్కువ బాధిస్తుంది. తొమ్మిది రోజులూ ఉంటానని అత్తమ్మకు మాటివ్వకండి. ఎంగిలిపూల నాడు సాయంత్రం, సద్దుల నాడు పొద్దున్నుంచి ఉంటానని చెప్పండి, ఆ సెలవు జులైలోనే కాగితం మీద అడగండి. సద్దుల నాడు తంగేడు, గునుగు పేర్చేటప్పుడు పక్కన కూర్చున్న కోడలిని ఆమె ఏడాదంతా గుర్తుపెట్టుకుంటుంది. మిగిలిన రోజుల్లో ఎవరు పేర్చారన్నది అంత పట్టింపు కాదు. ల్యాప్‌టాప్ మాత్రం ఇంటికి తేకండి. వారంలో మూడు రోజులు ఆఫీసులోనే ఎనిమిదిన్నర దాకా ఉండి ఖాళీ చేతులతో రండి. ఇంట్లో ఉండి లేనట్టుండే మనిషిని చూస్తేనే అందరికీ ఎక్కువ మండుతుంది.

ఒక ప్రశ్నకు మీ ఉత్తరంలో జవాబు లేదు: జనవరిలో, మీరు ఆరింటికే ఇల్లు చేరే రోజుల్లో, ఇదే గొడవ ఉంటుందా? ఉండకపోతే పైన చెప్పింది చాలు. ఉంటే ఇది గడువుల గొడవ కాదు, మీ కుర్చీ మీదో జీతం మీదో ఉన్న కినుక. అప్పుడు ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గరికి రావాల్సిందే, క్యాలెండర్‌తో తీరదు.

మూడింటికి మెలకువ రావడం మూడు వారాలు దాటి ఉంటే ముందు బీపీ, థైరాయిడ్ చూపించుకోండి. మధ్యాహ్నం మూడు తర్వాత టీ మానండి. మంచం పక్కన కాగితం పెట్టుకుని, తిరుగుతున్న అంకె రాసి పడుకోండి, ఆ రాత్రికి దాన్ని పరిష్కరించాలని చూడొద్దు. అప్పటికీ తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడతారు. నేరుగా చూపించుకోవాలంటే వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది.