గర్భనిరోధక మాత్ర మొదలుపెట్టిన రోజు నుంచే పనిచేస్తుందా?

నెలసరి మొదలైన ఐదు రోజుల్లోపు వేసుకుంటే మొదటి మాత్ర నుంచే రక్షణ ఉంటుంది. ఆ తర్వాత మొదలుపెడితే వరుసగా ఏడు రోజులు మాత్రతో పాటు కండోమ్ కూడా వాడాలి. మాల-ఎన్ లాంటి రెండు హార్మోన్ల మాత్రలకు వర్తించే లెక్క ఇది.

ఈ మాత్రల ముఖ్యమైన పని అండం విడుదల కాకుండా ఆపడం. నెలసరి మొదట్లో అండం ఇంకా ఎదగదు కాబట్టి అప్పుడు ఆపడం తేలిక. రోజులు గడిచాక మొదలుపెడితే అండాశయం పూర్తిగా నెమ్మదించడానికి ఏడు మాత్రలు పడాలి.

గాజువాకలో ఒకామెకు 1వ తారీఖున నెలసరి వచ్చిందనుకుందాం. ఆశా కార్యకర్త ఇచ్చిన ప్యాకెట్ 4న మొదలుపెడితే టెన్షన్ లేదు. 12న మొదలుపెడితే 18 దాకా కండోమ్ తప్పదు.

చాలామంది పొరబడేది ఒకచోట: నిన్న కలిశాం, ఇవాళ మాత్ర మొదలుపెడితే చాలనుకుంటారు. చాలదు. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతకగలవు. జరిగిపోయినదానికి వాడేది ఎమర్జెన్సీ మాత్ర, అది వేరు. పాలిచ్చే తల్లులు, బీపీ ఉన్నవాళ్లు, పొగతాగేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ఈ రోజువారీ మాత్రలు మొదలుపెట్టకూడదు.