ఇంటర్ ప్రాక్టికల్స్‌లో 30కి 30 వచ్చినా అమెరికాలో ఫిజిక్స్ ల్యాబ్ తేలిగ్గా తీసుకోకండి

ఎంవీపీ కాలనీ నుంచి ఒకావిడ, గాజువాక నుంచి ఒకాయన, ఇద్దరూ ఇంచుమించు ఒకటే అడిగారు. మావాడు ఎంపీసీ, ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో 30కి 30, ఈ ఆగస్టులో అక్కడ బ్యాచిలర్స్‌లో చేరుతున్నాడు, మొదటి ఏడాదే ఫిజిక్స్, దాంతోపాటు ల్యాబ్ అని పెట్టారు, వచ్చిందే మళ్ళీ చదవడం ఎందుకు, డబ్బులు దండగ కదా, తప్పించుకునే దారి ఉందా అని. నేనూ వైజాగ్‌లో చదువుకుని ఇక్కడికి వచ్చి మిషిగన్‌లో స్థిరపడినదాన్నే, ముందు టీఏగా (టీచింగ్ అసిస్టెంట్, అంటే ల్యాబ్ చెప్పి మార్కులు వేసే సహాయకురాలిగా) చేసి తర్వాత కమ్యూనిటీ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ చెప్తూ ఉన్నాను, మన పిల్లలు చాలామందిని దగ్గర్నుంచి చూశాను, అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు తప్పించుకోవడం సంగతి. ఎక్కువ కాలేజీల్లో మన ఇంటర్‌ని హైస్కూల్ చివరి రెండేళ్ళ కిందే లెక్కేస్తారు, కాబట్టి దానికి కాలేజీ క్రెడిట్లు (డిగ్రీకి లెక్కలోకి వచ్చే పాయింట్లు) ఇస్తారని ఆశ పెట్టుకోకండి. బీటెక్ ఫస్టియరో బీఎస్సీయో చదివి మధ్యలో వస్తున్నవాళ్ళయితే వేరు, మీ సిలబస్ కాపీ, ల్యాబ్ గంటలు, చేసిన ప్రయోగాల లిస్టు అన్నీ కాలేజీ స్టాంపుతో తెచ్చుకోండి, ఇక్కడ డిపార్ట్‌మెంట్ వాళ్ళు చూసి నిర్ణయిస్తారు, లెక్చర్‌కి క్రెడిట్ ఇచ్చి ల్యాబ్ మాత్రం మళ్ళీ చేయమన్న సందర్భాలు కూడా చూశాను. ఇక్కడికి వచ్చాక ఆ కాగితాలు అక్కడినుంచి తెప్పించుకోవాలంటే ఎంత తిరగాలో మీకు తెలుసు, బయల్దేరకముందే తీసుకోండి.

ఇంకోటి, ఫిజిక్స్ రెండు రకాలు ఉంటుంది. ఆల్జీబ్రాతో చెప్పేది ఒకటి, ఇది బయాలజీ, ఫిజికల్ థెరపీ, మెడిసిన్ వైపు వెళ్ళేవాళ్ళకి. కాల్క్యులస్‌తో చెప్పేది ఇంకోటి, ఇంజనీరింగ్‌కి, కంప్యూటర్ సైన్స్‌లో చాలా చోట్ల, ఫిజిక్స్ మేజర్‌కి. మామూలుగా 4 క్రెడిట్లు, లెక్చర్ 3, ల్యాబ్ 1. తేలిగ్గా ఉంటుందని ఆల్జీబ్రాది తీసుకుని రెండో ఏడాది ఇంజనీరింగ్‌కి పనికిరాదని తెలిసి మళ్ళీ మొదటినుంచి కాల్క్యులస్‌ది చేసినవాళ్ళు ఉన్నారు, ఫీజు రెండుసార్లు. రిజిస్టర్ అయ్యే ముందు అడ్వైజర్‌తో మాట్లాడండి, వాట్సాప్ గ్రూపులో సీనియర్ చెప్పిన మాట మీద ఆధారపడొద్దు, వాళ్ళ మేజర్ వేరు మీ మేజర్ వేరు.

ఇప్పుడు అసలు సంగతి. మన పిల్లలు లెక్చర్‌లో, ప్రాబ్లమ్స్‌లో ఇబ్బంది పడరు, పైగా ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోసం చేసిన సాధన బాగా పనికొస్తుంది. మార్కులు పోయేది ల్యాబ్‌లో. ఒక బాబు సంగతి చెప్తాను, మన వైపు నుంచే వచ్చాడు, చాలా తెలివైనవాడు. సింపుల్ పెండ్యులమ్ ప్రయోగం, అంటే దారానికి వేలాడే గుండు ఊగే టైమ్‌ని బట్టి జి (గురుత్వ త్వరణం) కనుక్కోవడం. దారం పొడవు 80 సెంటీమీటర్లు, 10 ఆసిలేషన్లకి స్టాప్‌వాచ్‌లో 18.1 సెకన్లు వచ్చింది, అదే టేబుల్‌లో రాశాడు. కింద జవాబు దగ్గర మాత్రం 9.81 అని రాశాడు. ఆ రీడింగులతో లెక్క కడితే వచ్చేది 9.64. అడిగితే, మేడమ్ ఆన్సర్ 9.8 రావాలి కదా, అందుకే అలా రాశా అన్నాడు. అందులో మోసం చేద్దామన్న ఉద్దేశం పిసరంత కూడా లేదు, అతనికి చిన్నప్పటినుంచి నేర్పింది అదే. కానీ ఇక్కడ దాన్ని డేటా మార్చడం అంటారు, సున్నా వేయొచ్చు, మళ్ళీ చేస్తే పైకి రిపోర్ట్ కూడా చేయొచ్చు.

ఇక్కడ బాధపడాల్సిన విషయం ఏంటంటే ఆ బాబు రీడింగ్ చాలా మంచి రీడింగ్. చూడండి, చేత్తో స్టాప్‌వాచ్ నొక్కేటప్పుడు అటూ ఇటూ 0.2 సెకను తేడా ఎవరికైనా వస్తుంది. 18.1లో 0.2 అంటే 1.1 శాతం. జి కట్టేటప్పుడు టైమ్ స్క్వేర్ అవుతుంది కాబట్టి ఆ శాతం రెట్టింపు, 2.2. అంటే జవాబు 9.64 ± 0.21. దాని అర్థం అసలు విలువ 9.43కీ 9.85కీ మధ్యలో ఉండే అవకాశం బాగా ఉందని, 9.80 దర్జాగా ఆ మధ్యలోనే ఉంది. అలా రాసి, నా టైమింగే ఇందులో పెద్ద తేడా తెచ్చింది అని ఒక వాక్యం రాసి ఉంటే ఫుల్ మార్కులు. ఇంకో అడుగు ముందుకేసి, 10 బదులు 50 ఆసిలేషన్లు లెక్కపెడితే అదే 0.2 సెకను దాదాపు 90 సెకన్లలో పంచుకుంటుంది కాబట్టి తేడా అర శాతం లోపుకి దిగుతుంది అని రాస్తే ఏ టీఏ అయినా సంతోషిస్తాడు. ఈ అటూ ఇటూ లెక్కనే అన్‌సర్టెంటీ అంటారు, ఇక్కడ ల్యాబ్ మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది, ఎంత వచ్చింది అని అడిగిన వెంటనే ఎంత నమ్మకంతో చెప్తున్నావు అని అడుగుతారు.

అసలు ఆ 9.8 కూడా ఊరిని బట్టి మారుతుంది. వైజాగ్‌లో జి సుమారు 9.785, డెట్రాయిట్ దగ్గర 9.803, మనం భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి కొంచెం తక్కువ. స్టాప్‌వాచ్ పట్టుకుని 10 ఆసిలేషన్లు చూసేవాడికి ఈ తేడా కనపడనే కనపడదు, మరి రెండు ఊళ్ళలోనూ పిల్లలందరికీ సరిగ్గా 9.80 ఎలా వస్తోంది? మన దగ్గర ప్రాక్టికల్స్ ముందు రికార్డులో రీడింగులు ఎలా నింపుతారో అందరికీ తెలిసిందే. ఆన్సర్ ముందే తెలుసు, వెనక్కి లెక్క కట్టి టేబుల్ నింపుతారు, ఎగ్జామినర్ కూడా విలువ దగ్గరగా వచ్చిందా లేదా చూసి వైవాలో నాలుగు ప్రశ్నలు అడిగి పంపించేస్తారు. పిల్లలది కాదు తప్పు, కానీ ఆ అలవాటు మాత్రం విమానం ఎక్కకముందే వదిలేయాలి.

దీన్నిబట్టి మనవాళ్ళకి థియరీ తప్ప చేతిపని రాదు అని ఇక్కడ కొందరు అంటుంటారు, నాకు ఆ మాట అస్సలు నచ్చదు. సి.వి. రామన్ చదివిన స్కూలు మన ఊళ్ళోదే, సెయింట్ అలోషియస్, వాళ్ళ నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో లెక్కలు, ఫిజిక్స్ చెప్పేవారు. ఆంధ్రా యూనివర్సిటీలో రామన్ శిష్యులు సూరి భగవంతం గారు ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ నడిపారు. కొలవడం మన ఊరికి కొత్త కాదు. వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజ్ చేత్తో పట్టుకుని లీస్ట్ కౌంట్ (పరికరం కొలవగల అతి చిన్న విలువ), జీరో ఎర్రర్ (ఏమీ పెట్టకముందే పరికరం చూపించే తేడా) చూడటం మన ఇంటర్ పిల్లలకి వచ్చినంత బాగా ఇక్కడ హైస్కూల్ నుంచి వచ్చే చాలామందికి రాదు, ఇది నేను కళ్ళారా చూసిన మాట. ఆ లీస్ట్ కౌంట్, జీరో ఎర్రర్ వెనక ఉన్న ఆలోచననే కొంచెం సాగదీస్తే అన్‌సర్టెంటీ, అంతే.

ల్యాబ్ వారం ఎలా గడుస్తుందంటే, ముందు రోజుకల్లా ప్రీల్యాబ్ అని ఆన్‌లైన్‌లో చిన్న క్విజ్ ఉంటుంది, అది చేయకుండా వెళ్తే కొన్ని చోట్ల లోపలికే రానివ్వరు. రెండు మూడు గంటల ల్యాబ్. ట్రాక్ మీద చిన్న బండి, అది దాటిన క్షణాన్ని పట్టే ఫోటోగేట్లు, మోషన్ సెన్సర్, అన్నీ కంప్యూటర్‌కి కలిపి ఉంటాయి, గ్రాఫ్ దానంతట అదే వస్తుంది, కాబట్టి పని అంతా అయిపోయింది అనిపిస్తుంది, కానీ ఆ గ్రాఫ్‌లో ఏ ముక్క తీసుకుని స్లోప్ చూడాలో, ఎందుకు ఆ ముక్కే తీసుకున్నారో మీరే చెప్పాలి. నోట్‌బుక్‌లో పెన్నుతో రాయమంటే పెన్నుతోనే రాయండి, తప్పు రీడింగ్ అయితే ఒక్క గీత కొట్టి పక్కన కారణం రాయండి, చెరపొద్దు, వైట్‌నర్ అసలు వద్దు. ల్యాబ్ మిస్ అవ్వకండి, ల్యాబ్ పాస్ కాకపోతే కోర్సే పోయే కాలేజీలు ఉన్నాయి, ఒంట్లో బాగోకపోతే ముందే ఈమెయిల్ పెట్టండి, తర్వాత వారం వెళ్ళి చెప్తే కుదరకపోవచ్చు.

పార్ట్‌నర్ విషయం. మనవాళ్ళు మనవాళ్ళతోనే కూర్చుంటారు, ఊరు కాని ఊళ్ళో అది సహజమే, కానీ టేబుల్ దగ్గర మూడోవాడు తెలుగు రానివాడైతే ఇంగ్లీషులోనే మాట్లాడండి, పాపం ఒక పిల్ల అలా గంటసేపు ఊరికే కూర్చుని వెళ్ళిపోవడం చూశాను. వీలైతే మొదటి సెమిస్టర్‌లో తెలుగు రాని పార్ట్‌నర్‌తో చేయండి, మాట్లాడే బెరుకు పోతుంది. డేటా ఇద్దరిదీ ఒకటే ఉంటుంది, అది తప్పు కాదు, లెక్కలు, రిపోర్ట్ మాత్రం ఎవరివి వాళ్ళే రాయాలి. సీనియర్ల పాత రిపోర్టులు గ్రూపులో తిరుగుతుంటాయి, దయచేసి వాటి జోలికి పోవద్దు, పోల్చి పట్టుకునే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వచ్చినవాళ్ళకి ఇది మార్కులతో పోయే విషయం కాదు, సస్పెండ్ చేస్తే చదువుతోపాటు వీసా స్టేటస్ కూడా పోతుంది, అక్కడ వైజాగ్‌లో ఇల్లు తాకట్టు పెట్టి పంపించిన అమ్మానాన్నలు గుర్తుకు రావాలి.

కోర్సు కష్టంగా ఉంది, డ్రాప్ చేద్దాం అనుకుంటే ఒక్కరోజు ఆగి ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్ళండి. ఎఫ్-1 అండర్‌గ్రాడ్‌కి మామూలుగా సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు ఉండాలి, వాళ్ళ అనుమతి లేకుండా 4 క్రెడిట్ల ఫిజిక్స్ తీసేస్తే ఆ గీత కిందకి పోవచ్చు. ఆన్‌లైన్‌లో ల్యాబ్ ఉందట, ఇంట్లోనే చేసుకోవచ్చట అని కూడా తొందరపడొద్దు, ఫుల్‌టైమ్ లెక్కలోకి సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ క్లాసే, అదీ 3 క్రెడిట్ల వరకే తీసుకుంటారు.

హెచ్-4 (హెచ్-1బి మీద పనిచేసేవాళ్ళ భార్య లేదా భర్తకి ఇచ్చే వీసా) మీద ఉన్న చెల్లెళ్ళు కొందరు అడిగారు, పదేళ్ళ క్రితం చదువు ఆపేశాం అక్కా, ఫిజికల్ థెరపీకి వెళ్దామంటే ఫిజిక్స్ విత్ ల్యాబ్ అడుగుతున్నారు, ఇప్పుడు చేయగలమా అని. తప్పకుండా చేయగలరు. హెచ్-4 మీద చదువుకోవచ్చు, పార్ట్‌టైమ్‌గా ఒక్క కోర్సు అయినా తీసుకోవచ్చు. కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం సెక్షన్లు ఉంటాయి, ఫీజు తక్కువ, క్లాసులో మీ వయసువాళ్ళు చాలామంది కనిపిస్తారు. మొదలెట్టే ముందు ట్రిగనామెట్రీ ఒక నెల తిరగేయండి చాలు. పిల్లల్ని చూసుకుంటూ చదివే మీలాంటివాళ్ళే నా ల్యాబ్‌లో అందరికంటే జాగ్రత్తగా రీడింగులు తీసుకుంటారు.

బయల్దేరడానికి ఇంకా టైమ్ ఉన్నవాళ్ళు వైజాగ్‌లోనే చేయగలిగినవి చెప్తాను. ద్వారం పైన మేకుకి దారం కట్టి చిన్న తాళంకప్ప వేలాడదీసి ఫోన్ స్టాప్‌వాచ్‌తో పెండ్యులమ్ చేయండి, నాలుగైదు పొడవులతో, వచ్చింది వచ్చినట్టు రాయండి. టైమ్ స్క్వేర్‌కీ పొడవుకీ ఎక్సెల్‌లో గ్రాఫ్ గీసి స్లోప్ తీయండి, ఎక్సెల్‌లో లైన్‌ఎస్ట్ (LINEST) అనే ఫంక్షన్ ఆ స్లోప్‌లో ఎంత తేడా ఉండొచ్చో కూడా చెప్తుంది, ఇది వచ్చి వెళ్తే సగం భారం దిగినట్టే. ఇంకోటి, ఫైఫాక్స్ (phyphox) అని ఫోన్‌లోని సెన్సర్లతో కొలిచే ఫ్రీ యాప్ ఉంది, జర్మనీలో ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ళు చేసింది. ఫోన్‌ని మీ అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో నేల మీద పెట్టి యాక్సిలరేషన్ విత్ జి ఆన్ చేసి ఆరో అంతస్తుకి వెళ్ళండి. ఆగి ఉన్నప్పుడు 9.8 దగ్గర చూపిస్తుంది, పైకి కదిలే క్షణంలో గీత కొంచెం లేస్తుంది, మధ్యలో మళ్ళీ 9.8, ఆగేటప్పుడు కిందకి దిగుతుంది. కదలకుండా ఉన్న ఫోన్ సున్నా చూపించకుండా 9.8 ఎందుకు చూపిస్తోంది, ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు ఆగి ఉన్నప్పటిలాగే ఎందుకు ఉంది, ఈ రెండింటికీ ఫార్ములా రాయకుండా మాటల్లో చెల్లెలికో తమ్ముడికో చెప్పి చూడండి. ఇక్కడ పరీక్షల్లో ఇలాంటి ప్రశ్నలే వస్తాయి. ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అని 1992లో వచ్చిన టెస్ట్ ఒకటి చాలా కాలేజీల్లో మొదటి వారం పెడతారు, ఇప్పుడు వాడేది 30 ప్రశ్నలది, లెక్క ఒక్కటీ ఉండదు, కష్టమైన ప్రాబ్లమ్స్ చేసేవాళ్ళు కూడా అందులో తడబడతారు.

పుస్తకాలు అక్కడ కొని మోసుకురాకండి. ఓపెన్‌స్టాక్స్ వాళ్ళ కాలేజ్ ఫిజిక్స్, యూనివర్సిటీ ఫిజిక్స్ నెట్‌లో ఫ్రీగా ఉన్నాయి, ఇప్పటినుంచే చదువుకోవచ్చు. ఆన్‌లైన్ హోంవర్క్‌కి యాక్సెస్ కోడ్ కొనమంటారు, అది పుస్తకంతో కలిపి ఉంటుందో విడిగా ఉంటుందో మొదటి క్లాసులో సిలబస్ చేతికొచ్చాక చూసుకుని అప్పుడు కొనండి, సెకండ్ హ్యాండ్ పుస్తకంలో కోడ్ అప్పటికే వాడేసి ఉంటుంది.