కారుకి రేసింగ్ పెడల్స్ బిగిస్తే చట్టం ఏమంటుంది?

సందేహం: లాయర్ గారూ, నాది మాన్యువల్ గేర్ల చిన్న కారు. సొంతానికే వాడుకుంటాను. ఈమధ్య ఆన్‌లైన్‌లో అల్యూమినియం రేసింగ్ పెడల్స్ సెట్టు కొని, తెలిసిన గ్యారేజీలో వేయించాను. పాత రబ్బరు ప్యాడ్లు తీసేసి, పెడల్‌కి రంధ్రాలు పెట్టి బోల్టులతో బిగించారు. ఎలా ఉన్నాయో చూద్దామని తెల్లవారుజామున జనం లేని ఒక లేఅవుట్ రోడ్డు మీద స్పీడుగా పోనిచ్చి గట్టిగా బ్రేకులు వేశాను. మూడోసారి బ్రేకు తొక్కినప్పుడు బూటు అంచు యాక్సిలరేటర్‌ను కూడా నొక్కేసింది. ఇంజన్ ఒక్కసారిగా రొద పెట్టింది. ఏమీ కాలేదు గానీ గుండె జారిపోయింది. బ్రేకు లైట్లు ఒక్కోసారి ఆరకుండా వెలుగుతూనే ఉన్నాయని వెనక తన కారులో వచ్చిన మా తమ్ముడు చెప్పాడు. ఇలా పెడల్స్ మార్చడం నేరమా? ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ రాదా? గ్యారేజీవాళ్లేమో "సామాను మీరు తెచ్చుకున్నారు, మాకేం సంబంధం" అంటున్నారు. ఈ తంటా ఎందుకు, పెడల్ బాక్సు మొత్తం మార్చేయమని ఒక మిత్రుడి సలహా. ఏం చేయమంటారు?

సలహా: అన్నిటికీ జవాబు చెబుతాను. ముందు ఒక మాట వినండి. ఆ పెడల్స్ తీయించే వరకు కారు బయటకు తీయకండి. ఆఫీసుకనీ, పక్క వీధికేగా అనీ కూడా వద్దు. గ్యారేజీకి సైతం మీరు నడుపుకుంటూ వెళ్లొద్దు. మెకానిక్‌ను ఇంటికి పిలిపించండి, లేదా బండిని టోయింగ్ చేయించండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మోటారు వాహనాల చట్టం, 1988లోని 190(1) సెక్షన్. బండిలో ఇతరులకు ప్రమాదం తెచ్చే లోపం ఉందని తెలిసి గానీ, మామూలు జాగ్రత్త తీసుకుంటే తెలిసి ఉండేదే అయి గానీ, ఆ బండిని బహిరంగ స్థలంలో నడిపితే అది నేరం. 1,500 రూపాయల జరిమానా. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా దెబ్బ తగిలినా, ఆస్తి పాడైనా 3 నెలల వరకు జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. శిక్ష చిన్నదే కదా అనిపిస్తుంది. కానీ ఇందులో "తెలిసి" అన్న మాట దగ్గర ఆగండి. నిన్నటి వరకు మీకు తెలియదు. ఆ తెల్లవారుజామున బూటు రెండు పెడల్స్ మీద ఒకేసారి పడ్డ క్షణం నుంచి మీకు తెలుసు. బ్రేకు లైట్ల సంగతి మీ తమ్ముడికీ తెలుసు. రేపు ఏదైనా జరగరానిది జరిగితే, కోర్టులో మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న "పెడల్స్ మార్చారా?" అని కాదు, "ఇబ్బంది ఉందని ముందే తెలుసా?" అని. దానికి "తెలుసు" అని జవాబు వచ్చిన కేసును నిలబెట్టడం ఎంత కష్టమో నాకు అనుభవమే. ప్రాణం పోయిన కేసైతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమవడం, 5 ఏళ్ల వరకు జైలు, జరిమానా. నిర్లక్ష్యాన్ని రుజువు చేయడానికి ప్రాసిక్యూషన్‌కు మీ తమ్ముడి మాటకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

మీ కారులో జరిగింది ఏమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే చట్టం చూసేది దాన్నే. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బ్రేకు పెడల్ రెండు మూడు తొక్కులకే రాయిలా గట్టిపడి పైనే ఆగిపోతుంది. ఇంజన్ స్టార్ట్ చేయగానే బూస్టర్ (కాలి ఒత్తిడికి బలం కలిపే పరికరం) సాయంతో కిందికి దిగుతుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఇంకా దిగి, యాక్సిలరేటర్ ఎత్తుకు వచ్చేస్తుంది. కంపెనీవాళ్లు రెండింటి మధ్య ఎడం, ఎత్తుల తేడా ఈ లెక్కతోనే పెడతారు. పాదం పెడల్స్ అమరిక ఎలా ఉండాలో చెప్పడానికి ఐక్యరాజ్య సమితి వాహన నిబంధనల్లో 35వ నంబరు నిబంధన విడిగా ఉంది, అంత ముఖ్యమైన సంగతి అది. మీరు వేయించిన పలక వెడల్పు ఆ ఎడాన్ని తినేసింది. గ్యారేజీలో ఇంజన్ ఆపి, చేత్తో నొక్కి "బాగానే ఉంది సార్" అని ఉంటారు. ఇక బ్రేకు లైటు స్విచ్చి పెడల్ కాడ పైభాగాన ఉంటుంది. పెడల్ పూర్తిగా వెనక్కి వచ్చి స్విచ్చిని నొక్కితేనే లైటు ఆరుతుంది. కొత్త పలక బరువుకో, వెనక పొడుచుకు వచ్చిన బోల్టు కార్పెట్‌కు తట్టుకునో మీ పెడల్ చివరి కొద్దిపాటి దూరం వెనక్కి రావడం లేదన్నమాట. వెనక బండివాడికి మీరు ఎప్పుడు బ్రేకు వేస్తున్నారో తెలియదు.

పెడల్ మీద తొడుగే కదా, ఇంత రాద్ధాంతమా అనుకోకండి. 2024 ఏప్రిల్‌లో అమెరికాలో టెస్లా సంస్థ తన సైబర్‌ట్రక్కులను 3,878 వెనక్కి పిలిపించింది. కారణం, యాక్సిలరేటర్ మీది ప్యాడ్ జారి, పైనున్న ప్యానెల్‌లో ఇరుక్కుని, పెడల్ నొక్కినట్టే ఉండిపోయే ప్రమాదం. ఫ్యాక్టరీలో ప్యాడ్ సులువుగా ఎక్కడానికి సబ్బు రాశారు, ఆ జిడ్డు మిగిలిపోయి పట్టు సడలింది. అంత పెద్ద ఫ్యాక్టరీలోనే అలా జరిగిందంటే, గంటలో పని ముగించే చోట ఇంకెంత జాగ్రత్త కావాలి!

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. పెడల్ తొడుగులు మార్చడం దానంతట అదే నేరం కాదని నా అభిప్రాయం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. "మార్పు" అంటే వాహనం మౌలిక లక్షణం మారేలా దాని నిర్మాణంలో చేసే మార్పు అని ఆ సెక్షన్‌లోనే వివరణ ఉంది. మీ ఆర్‌సీలో పెడల్ ప్యాడ్ల ఊసే ఉండదు. రబ్బరు బదులు అల్యూమినియం పలక వేస్తే బండి మౌలిక లక్షణం మారిందనడం కష్టం.

అయితే మీరు తొడుగు తొడిగి ఊరుకోలేదు. పెడల్‌కే రంధ్రాలు పెట్టించారు. 2019 సవరణతో వచ్చిన 182ఏ(4) ప్రకారం, చట్టం అనుమతించని పద్ధతిలో విడిభాగాలు బిగించడంతో సహా వాహనాన్ని మార్చిన యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడతాయి. ప్రతి పలకనూ ఈ సెక్షన్ కిందికి లాగలేరు. బ్రేకు పనితీరు దెబ్బతిన్నదని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రాసిస్తే మాత్రం ఆ వాదన చాలా బలపడుతుంది. ప్రమాదం కేసుల్లో ఆయన రిపోర్టులో మామూలుగా చివర ఒక వాక్యం ఉంటుంది: ప్రమాదం వాహనంలోని యాంత్రిక లోపం వల్ల జరిగింది కాదు అని. మీ కారు చూస్తే ఆ వాక్యం ఆయన రాయలేడు.

మీ మిత్రుడి సలహా మాత్రం వినకండి. పూర్తి పెడల్ బాక్సు అంటే నేలకు బిగించేది, చాలా వాటిలో ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ వేర్వేరు మాస్టర్ సిలిండర్లు (బ్రేకు ద్రవాన్ని చక్రాలవైపు నెట్టేవి), మధ్యలో ఆ రెండింటికీ ఒత్తిడి పంచే బ్యాలెన్స్ బార్. మామూలుగా బూస్టర్ తీసేయాల్సి వస్తుంది. పోటీ కారులో ఇది సరే, డ్రైవర్ కాలి బలం, టైర్లు, బ్రేకులు అన్నీ దానికి తగ్గట్టు ఉంటాయి. రోడ్డు కారుకు పాదంతో పనిచేసే సర్వీస్ బ్రేకు ఎలా ఉండాలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 96వ నిబంధన చెబుతుంది. 126వ నిబంధన కింద పుణెలోని ఏఆర్‌ఏఐ (ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా) లాంటి సంస్థలు నమూనా వాహనాన్ని పరీక్షించి ఆమోదించాకే ఆ మోడల్ మార్కెట్లోకి వస్తుంది. బ్రేకు పెడల్ నుంచి సిలిండర్ దాకా మార్చేస్తే, మీ చేతిలో ఉన్నది ఆ పరీక్ష నెగ్గిన కారు కాదు. కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు 52వ సెక్షన్‌ను చాలా కఠినంగా చదివింది. తయారీదారు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మార్చడానికి వీల్లేదంది. ఆ తీర్పు ఉండగా పెడల్ బాక్సును సమర్థించడానికి నేనైతే కోర్టులో నిలబడను.

మీరు అడగలేదు గానీ నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ టెస్టింగ్. జనం లేని రోడ్డు ప్రైవేటు రోడ్డు అయిపోదు. 2(34) సెక్షన్ ప్రకారం ప్రజలకు వెళ్లే హక్కున్న ఏ దారైనా బహిరంగ స్థలమే, తెల్లవారుజాము నాలుగు గంటలైనా సరే. ప్రమాదకరంగా నడపడం 184 కింద నేరం, మొదటిసారికే 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. పైగా వెనక మీ తమ్ముడి కారు కూడా ఉంది. రెండు బండ్లు ఒకదాని వెనక ఒకటి స్పీడుగా పోతుంటే చూసినవాళ్లు పందెం అంటారు. రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో వాహనాల మధ్య పందెం, వేగ పరీక్ష 189 కింద నేరం. 3 నెలల వరకు జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. మీరు పందెం కాయలేదని నేను నమ్ముతాను. పోలీసు నమ్మాలని లేదు.

ఇన్సూరెన్స్ సంగతి ఈ టెస్టింగ్‌తోనే ముడిపడి ఉంది. మీ ప్రైవేటు కారు పాలసీ తీసి "లిమిటేషన్స్ యాజ్ టు యూజ్" అన్న చోట చదవండి. ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్‌కు పాలసీ వర్తించదని ఉంటుంది. బీమా కంపెనీ థర్డ్ పార్టీ బాధ్యత నుంచి తప్పుకోవడానికి 150వ సెక్షన్ ఒప్పుకునే కొద్దిపాటి కారణాల్లోనూ "ఆర్గనైజ్డ్ రేసింగ్ అండ్ స్పీడ్ టెస్టింగ్" ఒకటి. "ఆర్గనైజ్డ్" అన్న మాట స్పీడ్ టెస్టింగ్‌కూ వర్తిస్తుందని నేను వాదిస్తాను, ఎవరికి వారు చేసుకున్నది దాని కిందికి రాదంటాను. వర్తించదని కంపెనీ లాయర్ వాదిస్తాడు. ఆ వాదన ఎటు తేలుతుందో అన్న దాని మీద మీ ఇల్లు వాకిలి ఆధారపడకూడదు. ఎందుకంటే చాలా కేసుల్లో బాధితులకు ముందు కంపెనీ చెల్లించి, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమని కోర్టులు చెప్పాయి. అప్పుడు రాబట్టేది మీ దగ్గరే.

మామూలు ప్రయాణంలో ప్రమాదం జరిగితే కథ వేరు. పెడల్ పలక ఉన్నంత మాత్రాన క్లెయిమ్ కొట్టేయడం కుదరదు. వెనక నుంచి లారీ గుద్దితే పెడల్‌కీ దానికీ ఏం సంబంధం? షరతు ఉల్లంఘన ఉన్నా మొత్తం క్లెయిమ్ తోసిపుచ్చకుండా, "నాన్ స్టాండర్డ్" పద్ధతిలో 75 శాతం చెల్లించాలని 2010లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. మీరు ముందున్న బండిని గుద్దితే మాత్రం సర్వేయర్ మొదట ఫొటో తీసేది పెడల్స్‌నే. బండిని సరైన స్థితిలో ఉంచే బాధ్యత మీదేనని పాలసీ షరతుల్లో ఉంది. ఇవి తీయించాక వేరే తొడుగులు వేయించుకుంటే బీమా కంపెనీకి ఈమెయిల్ పెట్టి తెలపండి.

గ్యారేజీవాళ్ల మాట చెల్లదు. సామాను ఎవరిదైనా, బిగించినందుకు డబ్బు తీసుకున్నారు, కాబట్టి అది సేవ, అందులో లోపం ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. మీరు నివసించే చోటే వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. బిల్లు ఇవ్వకపోతే యూపీఐ చెల్లింపు చూపండి. ఉత్పత్తి బాధ్యత అనే అధ్యాయం కింద పెద్ద పరిహారం అడుగుదామనుకుంటే ఇప్పుడు కుదరదు. దానికి గాయమో, మరో ఆస్తికి నష్టమో జరిగి ఉండాలి. దేవుడి దయవల్ల మీకది జరగలేదు. మీరు అడగగలిగేది పెట్టిన డబ్బు, పాడైన పెడల్స్ బదులు కొత్తవి వేయించే ఖర్చు.

అమ్మినవారి మీద వెళ్లాలంటే సెట్టుతో వచ్చిన కాగితం వెతకండి. అందులో క్లిప్పులతో తొడగమని ఉండి గ్యారేజీవాళ్లు రంధ్రాలు పెట్టి ఉంటే, వినియోగదారుల రక్షణ చట్టం 87వ సెక్షన్ స్ఫూర్తితో అమ్మినవాడు "వస్తువును మార్చేశారు, నాకు బాధ్యత లేదు" అంటాడు, అందులో న్యాయం ఉంది. అప్పుడు భారమంతా గ్యారేజీదే. ఎలా బిగించాలో, ఏ కారుకు సరిపోతుందో ఒక్క ముక్క కూడా రాయకుండా అమ్మి ఉంటే మాత్రం ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి.

కాబట్టి పలకలు తీయించే ముందు ఫొటోలు, వీడియో తీయండి: పెడల్స్ మధ్య స్కేలు పెట్టి ఒకటి, పెడల్ వెనక బోల్టు చివరలు కనిపించేలా ఒకటి, కాలు తీశాక కూడా బ్రేకు లైటు వెలుగుతుంటే అది కనిపించేలా ఇంకొకటి. తీసిన పలకలు, బోల్టులు, డబ్బా పారేయకండి. రంధ్రాలు పడిన పెడల్స్‌ను తిరిగి వాడొద్దు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అసలు పెడల్స్ వేయించి, బ్రేకు స్విచ్చి సరిచూశామని జాబ్ కార్డు మీద రాయించుకోండి. 190 కింద రేపు మీకు రక్షణ ఆ కాగితమే.

రేసింగ్ మీద నిజంగా మక్కువ ఉంటే, రంధ్రాలు అక్కర్లేని, మీ మోడల్‌కే కొలతలున్న తొడుగులు చూడండి. బిగించాక మ్యాట్ తీసి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, మీకున్న వెడల్పాటి బూట్లతో నిలబడ్డ బండిలోనే పరీక్షించండి. వేగం పరీక్ష రోడ్డు మీద వద్దు. చెన్నై దగ్గర, కోయంబత్తూరులో రేస్ ట్రాకులు ఉన్నాయి. అక్కడ సంతకం చేసే పత్రం చదివి చేయండి, మీ పాలసీ అక్కడ పనిచేయదని గుర్తుంచుకోండి.

గ్యారేజీకి ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 15 రోజులు గడువివ్వండి. కమిషన్‌కు వెళ్లడానికి మీకు రెండేళ్లు ఉంది గానీ, ఫొటోలు తీసిన వారంలోనే నోటీసు వెళ్లిపోవాలి.