దూడ దానంతట అదే రాలేదు

తమ్ముడూ,

బంగారు దూడ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటి రెండు పేజీలూ విగ్రహాలు తప్పని వాదించడానికే పోయాయి. కొట్టెయ్. బైబిల్లో నిర్గమకాండం 32వ అధ్యాయంలో, మోషే కొండ మీద ఉండగా దూడ ముందు ఆడింది పొరుగు జనం కాదు, అతని వెంట సముద్రం దాటి వచ్చిన ఇశ్రాయేలీయులే. పైగా మోషే అన్న అహరోను, వాళ్లడిగితే ఆ దూడను చేసి, దాని ఎదుట బలిపీఠం కట్టి, మర్నాడు తమ దేవుడు యెహోవాకు పండుగని చాటించాడు. ఇది వదిలేసి పక్కవాడి గుడి మీద పడితే, నువ్వూ అహరోనులాగే వేలు ఇంకొకడి వైపు తిప్పినట్టు.

నీ అసలు సరుకు 4, 24 వచనాల్లో ఉంది. రెంటినీ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి, క్రియల కింద గీత పెట్టు. 4లో అహరోను బంగారం తీసుకున్నాడు, పోగరతో, అంటే చెక్కే ఉలితో, రూపం ఏర్పరచాడు, పోత దూడగా చేశాడు. 24లో మోషేకు తను చెప్పుకున్నదేమో: తెమ్మన్నాను, అగ్నిలో వేశాను, ‘ఈ దూడ యాయెను’. పోగర మాయం. ‘చేసెను’ కాస్తా ‘ఆయెను’ అయింది. హీబ్రూలోనైతే దూడ ‘బయటికి వచ్చింది’, నడిచి వచ్చినట్టు! గ్లాసు చేతిలోంచి జారితే ‘పగిలిపోయింది’ అనే మనవాళ్లకి ఇది విడమరచనక్కర్లేదు. ఒక్క వాక్యం చాలు, ఇంకో ఉపమానం పేర్చకు.

23వ వచనం కూడా చూడు. జనం అడిగిన మాటను దాదాపు పొల్లుపోకుండా ఒప్పజెప్పాడు. కురచైపోయింది తన పని ఒక్కటే.

నువ్వు ‘అహరోను భయపడ్డాడు’ అని రాశావు. ఆ అధ్యాయంలో ఆ మాట లేదు. జనానికి జడిశానని ఒప్పుకున్నది ఇశ్రాయేలు రాజు సౌలు, 1 సమూయేలు 15:24లో. ఇద్దర్నీ కలిపెయ్యకు, పక్కపక్కన నిలబెట్టు. శత్రువుల మందలన్నీ నిర్మూలం చెయ్యమని సౌలుకి దేవుడి ఆజ్ఞ. ఆ 15వ అధ్యాయం 9వ వచనంలో మంచి గొర్రెల్ని మిగిల్చింది ‘సౌలూ జనులూ’. 15వ వచనంలో సౌలు నోట మిగిల్చింది ‘జనులు’, నిర్మూలం చేసింది మాత్రం ‘మేము’. సర్వనామాలు చూసుకుంటే చాలు, తప్పు ఎక్కడ చేతులు మారిందో దొరుకుతుంది. నీ అంశానికి ముడి కూడా అక్కడే ఉంది: అదే అధ్యాయం 23లో ప్రవక్త సమూయేలు మూర్ఖత్వాన్ని విగ్రహపూజతో జతకట్టాడు.

మోషేని ఒక్క పేరాలో ముగించు. దూడతో సంబంధమే లేనివాడు, దేవుడితో వీళ్లని క్షమించకపోతే నీ గ్రంథంలోంచి నా పేరు తుడిచెయ్యమన్నాడు. వ్యాఖ్యానం వద్దు.

ఇక నిర్గమకాండం 32లో 35వ వచనం నువ్వు ముట్టుకోనేలేదు. అహరోను కల్పించిన దూడను ప్రజలు చేయించినందున శిక్ష వచ్చిందంటుంది. ఒకే దూడకి ఇద్దరు కర్తలు. ఆ వాక్యాన్ని సాపు చెయ్యాలని చూడకు. రెండో ప్రతిలో అహరోను మీద ఎన్ని వాక్యాలున్నాయో, జనం మీద ఎన్నున్నాయో లెక్కపెట్టి పంపు.

నీ శ్రేయోభిలాషి