ఊచలు లేని జూ

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌లో ఉంటాడు. మొన్న మేం వెళ్లినప్పుడు చెస్టర్ జూ చూపించాడు. అంత పెద్ద జూ ఒకప్పుడు ఒక కుటుంబం సొంతంగా మొదలుపెట్టిందట, నిజమేనా? చింపాంజీల చుట్టూ ఊచలే లేవు, అవి దాటి వచ్చేయవా? మాకు ఊళ్లో రెండెకరాల మామిడితోట ఉంది, ఏదో చిన్నది మేమూ పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నిజమేనండీ. జార్జ్ మాటర్స్‌హెడ్ అనే ఆయన చిన్నప్పుడు, 1903లో, మాంచెస్టర్‌లోని బెల్ వ్యూ జూకి వెళ్లి, అక్కడ బోన్లలో ఉన్న జంతువులను చూసి, నేనంటూ జూ పెడితే ఊచలు లేకుండా పెడతాననుకున్నాడట. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి కొన్నేళ్లు చక్రాల కుర్చీలోనే గడిపాడు. వాళ్లది మొక్కలు, కూరగాయల వ్యాపారం. విదేశాల నుంచి తెప్పించిన మొక్కలతోపాటు వచ్చిపడే బల్లులూ పురుగులూ ఉంటాయి చూడండి, వాటిని పారేయకుండా దాచుకునేవాడు, జూకి అంకురం అదే అనుకోవచ్చు.

1930లో చెస్టర్ పక్కనున్న అప్టన్‌లో ఓక్‌ఫీల్డ్ అనే బంగళా 3,500 పౌండ్లకు కొన్నారు. ఇరుగుపొరుగు వద్దంటే వద్దన్నారు (పక్కింట్లో సింహం అంటే మనం మాత్రం ఊరుకుంటామా!). అయినా 1931లో గేటు తెరిచారు. భార్య, కూతుళ్లు, ముసలి తల్లిదండ్రులు, అందరూ తలో చెయ్యి వేశారు. డబ్బు కటకట మాత్రం వదల్లేదు, 1934లో ఒక సొసైటీ పెట్టి జూని దాని చేతికిచ్చారు, ఇప్పటికీ నడిపేది ఆ సొసైటీయే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, ట్యాంకులను ఆపడానికి పోసిన కాంక్రీటు దిమ్మలు మిగిలిపోతే వాటిని తెచ్చి ధ్రువపు ఎలుగులకు గోడ కట్టారు. నాకు బాగా నచ్చింది ఇదే.

ఇక చింపాంజీల సంగతి. వాటికి ఈత రాదు, లోతు నీళ్లంటే బెదురు. అందుకని 1956లో వాటికి చుట్టూ నీళ్లుండేలా చిన్న చిన్న దీవులు కట్టారు. మీకు ఊచలు కనిపించకపోవడానికి కారణం ఆ నీళ్లే.

మీ తోట సంగతంటారా, ఆ టెన్షన్ పెట్టుకోకండి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు లేకుండా ఎవరూ జూ నడపకూడదు. జూ దాకా ఎందుకు, రామచిలుకను పట్టి పంజరంలో పెట్టినా నేరమే. మామిడికాయలు పండగానే ఉడతలూ చిలుకలూ వాటంతటవే వస్తాయి కదా, వాటికి ఎవరి గుర్తింపూ అక్కర్లేదు!