వేర్లు జూసి నీళ్లు పోయాలె

బిడ్డా, దీవెనలు.

ఆర్కిడ్‌కు రోజు నీళ్లు పోస్తున్నా ఆకులు వాడుతున్నయని రాసినవ్. రోజు పోస్తున్నవ్ గనుకనే వాడుతున్నయి. వెడల్పు ఆకులు, సీతాకోక చిలుక అసొంటి పువ్వులు అన్నవ్ గద, అది ఫెలనాప్సిస్. అడవిల చెట్టు కొమ్మను కరుసుకొని బతికే జాతి. దాని వేర్లకు తడితోపాటు గాలి ఆడాలె. వేరు కుళ్లినంక కుండీ నిండ నీళ్లున్నా ఆకుకు అందయి. మనం దూపైందనుకొని ఇంకిన్ని పోస్తం.

ముందుగాల మొక్కను బయటికి తియ్యి. ఒక్కొక్క వేరు వేళ్లతోని ఒత్తి చూడు. గట్టిగ ఉంటే మంచిది. మెత్తగ ఒత్తుకపోయి, పైపొర ఊడొచ్చి లోపల దారమొక్కటే మిగిలితే అది సచ్చిన వేరు. కత్తెరను మందుల దుకాణంల దొరికే సర్జికల్ స్పిరిట్‌తోని తుడిచి అసొంటివన్నీ కోసెయ్. కోసిన కాడ ఇంత దాల్చినచెక్క పొడి అద్దు. మంచి వేర్లకు తగలనియ్యకు, ఎండబెడతది. ఇప్పుడున్న పూలకాడ గూడ మొదట్లకు కోసెయ్. మనసొప్పదు గని, వేర్లు లేని మొక్కకు పూలు బరువే.

చుట్టూ బొక్కలున్న నాలుగైదు అంగుళాల ప్లాస్టిక్ కుండీ చాలు. పెద్దదాంట్ల పెడితే తడి ఆరదు. చెల్క మట్టి, పెంట ఎరువు, కోకోపీట్ అనే కొబ్బరి పొట్టు ఏవీ వద్దు. మూడు పాళ్లు చెట్టు బెరడు ముక్కలు, ఒక పాలు కట్టె బొగ్గు, ఒక పాలు కొబ్బరి పీచు ముక్కలు కలుపు. పీచు ముక్కల్ల ఉప్పుంటది, నీళ్లు మార్చుకుంట రెండు రోజులు నానబెట్టి వాడు. కుండీ బయటికి వచ్చిన వేర్లను లోపలికి కుక్కకు, కోయకు.

ఇగ నీళ్లు. మన నల్లగొండ బోరు నీళ్లు మనుషులకే మంచిగ లేవు, దీనికేం మంచిగుంటయి? ఉప్పులకు వేర్ల కొసలు మాడుతయి, బెరడు మీద తెల్లటి పొర కడతది. వాన నీళ్లు పట్టిపెట్టుకో, లేకుంటే ఏసీ పైపుల పడే నీళ్లు పొయ్యి. అవీ దొరకకుంటే మిషన్ భగీరథ నల్లా నీళ్లు నయం. ఆర్వో మిషన్ బయటికి ఇడిచే నీళ్లు మాత్రం వద్దు, ఉప్పంత అండ్లనే ఉంటది.

వేర్లు వెండి రంగుకు తిరిగినప్పుడు పొయ్యి, పచ్చగుంటే ఆగు. ఎండకాలం మూడు నాలుగు రోజులకోసారి, చలికాలం వారం పది రోజులకోసారి పడతయి. పొద్దుగాల, కిందికెల్లి కారిపోయేదాక పొయ్యి, కింది పళ్లెంల నిలిచినవి పారబొయ్యి. ఆకుల నడుమ గుంతల చుక్క నిలిస్తే దూదితోని అద్ది తీసెయ్. ఆ నడిమి భాగం కుళ్లితే మొక్క మిగలదు.

తూర్పు కిటికీ కాడ పల్చటి తెర ఏసి పెట్టు. ఆకు ముదురు పచ్చగైతే ఎలుతురు చాలలేదు, పసుపుకు తిరిగితే ఎక్కువైంది. రోహిణి కార్తెల పడమటి గోడ పక్కకు అసలే పెట్టకు. కూలర్ ఉన్న రూంల గాలి తడిగుంటది గనుక మంచిదే, గని ఆ గాలి నేరుగ తగలొద్దు. ఆకు సందుల తెల్లటి పిండినల్లి కనబడితే స్పిరిట్ ముంచిన దూదితోని తుడువు.

పూతకు చలి కావాలె. దీపావళి దాటినంక సంక్రాంతి లోపల రాత్రులు 16, 18 డిగ్రీలకు దిగుతయి. మూడు నాలుగు వారాలు ఆ చల్లదనం తగిలేటట్టు కిటికీ తెరిచిపెట్టు. ఆకు సందుల మొలక వస్తే జర పరీక్షగ చూడు: కొస గుండ్రంగ, నున్నగుంటే వేరు, చప్పిడిగ, మొగ్గ లెక్క మడతలుంటే పూలకాడ. కాడ మొదలైనంక కుండీని తిప్పకు, ఎలుతురు దిక్కుకు మలుగుకుంట వంకర పోతది.

ఎరువు అడిగినవ్. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగ ఉండి నీళ్లల్ల కరిగే 19-19-19 ఎరువు లీటరు నీళ్లకు అర గ్రాము, పదిహేను రోజులకోసారి, తడి వేర్లకే. గని ఇప్పుడే కాదు. రెండు నెలల్ల కొత్త వేరుకు పచ్చటి కొస కనబడతది, అప్పుడు మొదలుపెట్టు.