రూలు దగ్గర తగువొస్తే

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ అనే యుద్ధం బోర్డు ఆట స్టార్టర్ కిట్ (కొత్తవాళ్ల పెట్టె) కొన్నామనీ, ఆటకన్నా వాదనే ఎక్కువ నడుస్తోందనీ రాశావు. కంగారు పడకు, ఈ ఆట నేర్చుకున్న ప్రతివాడూ ఈ దశ దాటే వచ్చాడు. నువ్వు రాసిన తగువులు చూస్తే మీకు రూల్స్ తెలియక వచ్చినట్టు లేవు. రూల్ని ఏ కొస నుంచి పట్టుకోవాలో తెలియక వస్తున్నాయి.

అసలు ఈ రూల్‌బుక్ ఎందుకిలా ఉందో ముందు తెలుసుకో. 1977లో ఆవలాన్ హిల్ వాళ్లు స్క్వాడ్ లీడర్ తెచ్చారు. దానిమీద అదనపు పెట్టెలు ఒక్కొక్కటే వచ్చేసరికి పాత రూలుకీ కొత్త రూలుకీ పొత్తు కుదరలేదు. మొత్తం కలిపి తిరగరాసి 1985లో అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ (ఏఎస్ఎల్) తెచ్చారు. అప్పటికే జనం ఆడి, వాదించుకుని, లొసుగులన్నీ బయటపెట్టేశారు. అందుకే అందులో వాక్యాలు భూమి దస్తావేజులా ఉంటాయి. కథలా గబగబా చదివితే సగం జారిపోతుంది.

ఇక అసలు విషయం. మీ స్నేహితుడు స్క్వాడ్‌ని (చిన్న సైనిక దళం బిళ్లని) రెండు హెక్స్‌లు (మ్యాపు మీది ఆరు మూలల గళ్లు) నడిపి, అక్కడ కాల్చి, మిగిలిన కదలికతో మళ్లీ నడిపాడన్నావు. అడిగితే "చెయ్యకూడదని ఎక్కడుంది?" అన్నాడట. ఆ ప్రశ్నే తప్పు. "చెయ్యొచ్చని ఎక్కడుంది?" అని నువ్వు అడగాలి. ఈ ఆటలో రూల్‌బుక్ అనుమతుల చిట్టా. అందులో లేని పని లేనట్టే. ప్రతి వెర్రి ఆలోచననీ పేరు పెట్టి నిషేధించాలంటే ఎన్ని పేజీలైనా చాలవు. పాత ఆటగాళ్లు దీన్ని "కౌట్రా" అంటారు, రూల్స్ దేనికి ఒప్పుకున్నాయో దానిమీదే మనసు పెట్టమని. కదలిక ఫేజ్‌లో (ఫేజ్ అంటే వంతులో ఒక దశ) కాల్చేది ఎదుటివాడు. నడిచే స్క్వాడ్ అప్పుడు పొగ గ్రెనేడ్ వెయ్యడానికి ప్రయత్నించవచ్చు, ఎందుకంటే ఆ అనుమతి విడిగా రాసి ఉంది. తుపాకీ కాల్చడానికి అలాంటి అనుమతి లేదు. అక్కడితో ఆ తగువు తీరిపోయింది.

అయితే ఇదే సూత్రం నీకూ అడ్డం తిరుగుతుంది. ప్రెప్ ఫైర్ చేసిన (వంతులో నడకకి ముందే కాల్చిన) స్క్వాడ్, తర్వాత వచ్చే అడ్వాన్స్ ఫేజ్‌లో ముందుకు జరిగితే నువ్వు ఒప్పుకోలేదన్నావు. ప్రెప్ ఫైర్ వల్ల ఆ స్క్వాడ్ పోగొట్టుకునేది కదలిక ఫేజ్‌లో నడకనీ, అడ్వాన్సింగ్ ఫైర్ ఫేజ్‌లో కాల్పునీ. అడ్వాన్స్ దాని హక్కు, పిన్ కానంత వరకు (కాల్పులకి నేలకి అతుక్కుపోనంత వరకు) ఒక హెక్స్ జరగొచ్చు. ఇక్కడ రైటు వాడిదే. "అలసిపోయి ఉంటారు కదా" అన్నావు చూడు, ఆ మాట నిజం యుద్ధానికి సరిపోతుందేమో గానీ రూలుకి సాక్ష్యం కాదు. సైనికుడు ఏం చేస్తాడో ఊహించి రూల్ని సాగదీసేవాళ్లతో ఆడటం నాకు మహా చిరాకు.

రెండోది, పెద్ద అక్షరంతో మొదలయ్యే మాటలు. గుడ్ ఆర్డర్, మీలే (ఒకే హెక్స్‌లో దగ్గరి పోరు), ఓపెన్ గ్రౌండ్, ఇలాంటివి కనిపిస్తే ఆగు. వాటికి మామూలు అర్థం పెట్టుకోకు, నిర్వచనం తీసి చూడు. బ్రోకెన్ కానివాళ్లందరూ (ధైర్యం చెదరనివాళ్లందరూ) గుడ్ ఆర్డర్‌లో ఉన్నట్టే అని నువ్వు అనుకుంటున్నావు. మీలేలో చిక్కుకున్న స్క్వాడ్ బ్రోకెన్ కాదు, అయినా గుడ్ ఆర్డర్‌లో లేదు. పిన్ అయిన స్క్వాడ్ మాత్రం గుడ్ ఆర్డర్‌లోనే ఉంది.

ఓపెన్ గ్రౌండ్ సంగతి కాస్త వివరంగా చెప్తాను, కొత్తవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. నీ రష్యన్ స్క్వాడ్ మామూలు నడకతో ఒక ఖాళీ హెక్స్‌లోకి అడుగుపెట్టింది. జర్మన్ 4-6-7 (ఫైర్‌పవర్ అంటే కాల్పుల బలం 4, పరిధి 6 హెక్స్‌లు, మనోధైర్యం 7) అయిదు హెక్స్‌ల దూరం నుంచి కాల్చింది. ఆరు లోపే కాబట్టి ఫైర్‌పవర్ పూర్తిగా నాలుగు. అసాల్ట్ మూవ్‌మెంట్ (జాగ్రత్తగా నడిచే నడక) చెయ్యలేదు గనక పాచికల మొత్తానికి మైనస్ ఒకటి, మొత్తం తగ్గితే కాల్చేవాడికే మేలు. ఆరుబయట నడుస్తోంది గనక ఇంకో మైనస్ ఒకటి. మొత్తం మైనస్ రెండు, చావుదెబ్బ. ఇప్పుడు అదే చోట, మధ్యలో ఒక్క హెక్స్ గోధుమ చేను ఉందనుకో. చేను హిండ్రన్స్ (చూపుకి కొంత అడ్డు), ప్లస్ ఒకటి. అంటే మైనస్ ఒకటి అవుతుందని మీరిద్దరూ లెక్కేశారు. కాదు, సున్నా. చూపు దారిలో హిండ్రన్స్ ఏదైనా ఉంటే ఆ కాల్పుకి సంబంధించినంత వరకు ఆ హెక్స్ ఓపెన్ గ్రౌండ్ కిందకి రాదు, ఆరుబయటి మైనస్ ఒకటి ఎగిరిపోతుంది. నడకకి పడిన మైనస్ ఒకటి మాత్రం మిగులుతుంది. దానికి చేను ప్లస్ ఒకటి కలిపితే సున్నా. నేల మారలేదు, స్క్వాడ్ మారలేదు, ఒక్క చేను వల్ల రెండు అంకెల తేడా వచ్చింది. అన్నట్టు, సీనారియో కార్డు (ఆడే పోరాటం వివరాలుండే కార్డు) మీద నెల చూడటం మర్చిపోకు. పంట లేని నెలైతే ఆ చేను ఉత్త నేలే, మళ్లీ మైనస్ రెండు.

కార్డు అడుగున ఉండే ప్రత్యేక రూల్స్ పుస్తకం కన్నా పైన. ఆట మొదలయ్యే ముందే ఇద్దరూ కలిసి పైకి చదువుకోండి.

దారం గురించి అడిగావు. చూపు ఆనుతుందో లేదో ముందే దారం పెట్టి కొలుచుకోవడం కుదరదు. ముందు "ఫలానా హెక్స్ మీద కాలుస్తున్నా" అని చెప్పాలి, తర్వాతే ఒక హెక్స్ నడిమి చుక్క నుంచి ఇంకో హెక్స్ నడిమి చుక్క దాకా దారం పట్టాలి. బిల్డింగ్ అడ్డొస్తే ఆ కాల్పు పోయినట్టే, స్క్వాడ్ కాల్చినట్టే లెక్క. కఠినమే, కానీ ఆటలో సగం టెన్షన్ అక్కడే ఉంది, సడలించొద్దు. దారం బిల్డింగ్ బొమ్మకి తగిలిందా లేదా అన్నది తేలకపోతే, పక్కన కూర్చుని చూసేవాడిని పిలిచి చెప్పమనండి.

స్టార్టర్ కిట్ ఆడుతూ పెద్ద రూల్‌బుక్ తెరవకండి. మొదటి కిట్ 2004లో వచ్చింది, దాని చిన్న పుస్తకం దానికదే పూర్తి. కన్సీల్‌మెంట్ (స్క్వాడ్‌ని శత్రువుకి తెలియకుండా దాచడం) లాంటివి అందులో కావాలనే వదిలేశారు. పెద్ద పుస్తకంలోంచి ఒక వాక్యం తెచ్చి ఇక్కడ అతికిస్తే, దాని వెనకున్న మినహాయింపులు అక్కడే ఉండిపోతాయి. తర్వాత ఎలాగూ పెద్ద పుస్తకానికి వెళ్తారు, అప్పుడు చదరపు బ్రాకెట్లలో ఉండే మినహాయింపులు ముందు చదివి, ఆ తర్వాత అసలు వాక్యం చదువు. నాకు అలాగే బాగా బుర్రకెక్కుతుంది. సవరణ పేజీలు వస్తే పాతవి తీసేసి వాటిని ఫైల్లో పెట్టుకో. రింగుల ఫైల్లా ఇచ్చింది అందుకే.

ఆట మధ్యలో తగువొస్తే అయిదు నిమిషాలు వెతకండి. దొరక్కపోతే పాచిక వేసి, ఒకటి నుంచి మూడు పడితే నీ మాట, లేకపోతే వాడి మాట అనుకుని ముందుకెళ్లండి. కాగితం మీద రాసుకుని ఆటయ్యాక నింపాదిగా వెతుక్కోవచ్చు. ఎవరో ఒక మోడిఫయర్ (పాచికలకి కలిపే ప్లస్ లేదా మైనస్) మర్చిపోయారని రెండు ఫేజ్‌ల తర్వాత గుర్తొస్తే వెనక్కి తిప్పొద్దు. అయిపోయిందేదో అయిపోయిందని రూల్‌బుక్కే మొదట్లో చెప్తుంది, ఇంత చిక్కు ఆటలో అన్నీ ఎవరికీ గుర్తుండవని వాళ్లకీ తెలుసు.

పారిపోయే స్క్వాడ్ గురించి అడిగినదానికి మాత్రం ఇప్పుడు జవాబు చెప్పలేను. రౌట్ ఎటు వెళ్లొచ్చన్నది శత్రువు ఎక్కడున్నాడు, వాడికి ఎవరు కనిపిస్తున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది, నువ్వేమో "పక్కనే జర్మన్లు ఉన్నారు" అని ఊరుకున్నావు. మ్యాపు పేరు, మీ స్క్వాడ్ ఉన్న హెక్స్ నంబరు, జర్మన్లు ఉన్న హెక్స్‌ల నంబర్లు, దగ్గర్లో ఉన్న అడవీ బిల్డింగులూ రాసి పంపు. ఫొటో అయితే నేరుగా పైనుంచి తియ్యి, ఏటవాలుగా తీస్తే చుక్కలు కనపడవు.

ఉంటాను,
బాబాయి